ఇంట్లో వైఫై: రౌటర్ కొనడం నుంచి కంప్లైంట్ ఇవ్వడం దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో వైఫై గురించి చుట్టాలూ స్నేహితులూ అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఇవే. ప్రతిసారీ ఫోన్లో చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే ఎవరికి కావలసింది వాళ్లు చూసుకుంటారని ఇది తయారుచేశాను. ఏ ప్రశ్నకి ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. వైఫై వేరు, ఇంటర్నెట్ వేరు. బయటి నుంచి రౌటర్ దాకా వచ్చేది ఇంటర్నెట్. రౌటర్ నుంచి మీ ఫోన్ దాకా గాల్లో వచ్చేది వైఫై. "నెట్ రావట్లేదు" అన్నప్పుడు ఈ రెండింట్లో ఆగింది ఏదో తేల్చుకోకుండా సెట్టింగ్స్ మార్చుకుంటూ పోతే, ఉన్న సమస్యకి ఇంకో రెండు తోడవుతాయి.

## కొనే ముందు

మోడెం, రౌటర్, ఓఎన్‌టీ... ఇవన్నీ ఒకటేనా?

కాదు. ఫైబర్ తీగలో వెలుగుగా వచ్చే సమాచారాన్ని మన పరికరాలకి అర్థమయ్యే సిగ్నల్‌గా మార్చేది ఓఎన్‌టీ. టెలిఫోన్ లైను మీదో, టీవీ కేబుల్ మీదో వచ్చే నెట్‌కి అదే పని మోడెం చేస్తుంది. అలా వచ్చిన ఒక్క కనెక్షన్‌ని ఇంట్లో ఉన్న ఫోన్లు, టీవీలు, ల్యాప్‌టాప్‌లు అన్నిటికీ పంచేది రౌటర్. ఇప్పుడు వస్తున్న పెట్టెలు చాలావరకు ఈ పనులన్నీ కలిపి చేస్తున్నాయి, అందుకే పేర్లు కలగలిసిపోయాయి. సన్నటి ఫైబర్ తీగ నేరుగా వెళ్లే పెట్టే మీకు వైఫై కూడా ఇస్తుంటే, అది ఓఎన్‌టీ, రౌటర్ రెండూ కలిసినది.

వైఫై 5, 6, 7 అంటున్నారు. మాకు ఏది సరిపోతుంది?

కొత్తగా కొంటుంటే వైఫై 6 తీసుకోండి, చాలా ఇళ్లకి అది చాలు. ఇంట్లో వైఫై ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు రేడియో పరిధుల్లో నడుస్తుంది. వైఫై 5 ఒక్క 5 గిగాహెర్ట్జ్‌లోనే పనిచేసే ప్రమాణం. వైఫై 6 దాంతోపాటు 2.4 గిగాహెర్ట్జ్‌ని కూడా మెరుగుపరిచింది, ఒకేసారి చాలా పరికరాలకి సమాచారం పంచే పద్ధతి తెచ్చింది. ఇంట్లో పదిహేనో ఇరవయ్యో పరికరాలు ఉన్నప్పుడు ఆ తేడా తెలుస్తుంది. వైఫై 7 పరికరాలకి ధ్రువీకరణ 2024 జనవరిలో మొదలైంది. రౌటర్ వైఫై 7 అయినా మీ ఫోన్ వైఫై 5 అయితే ఆ రెండూ మాట్లాడుకునేది వైఫై 5లోనే. అందుకే ముందు మీ ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు దేన్ని అందుకోగలవో చూసుకోండి.

బాక్స్ మీద 3000 ఎంబీపీఎస్ అని ఉంది. నిజంగా అంత స్పీడ్ వస్తుందా?

రాదు. అది రౌటర్‌లో ఉన్న రెండు రేడియోల గరిష్ఠ వేగాలని కూడి వేసిన అంకె. ఏఎక్స్3000 అనే తరగతినే తీసుకుంటే 2.4 గిగాహెర్ట్జ్‌లో 574, 5 గిగాహెర్ట్జ్‌లో 2402 కలిపి 3000 దగ్గరికి తెచ్చారు. మీ ఫోన్ మామూలుగా ఒకసారికి ఒక రేడియోతోనే మాట్లాడుతుంది. పైగా అవి కాగితం మీది వేగాలు, చేతికి అందేది అందులో సగం, అరవై శాతం ఉంటే బాగున్నట్టే. దానికన్నా ముఖ్యంగా చూడాల్సింది వెనకాల ఉన్న పోర్టులు. ఎంత పెద్ద అంకె రాసి ఉన్నా, వ్యాన్ పోర్టు (బయటి నెట్ కేబుల్ పెట్టే చోటు) 100 ఎంబీపీఎస్‌దే అయితే ఇంట్లోకి అంతకు మించి నెట్ రాదు. గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్ పోర్టులు ఉన్నవే తీసుకోండి.

యాంటెన్నాలు ఎక్కువ ఉంటే సిగ్నల్ ఎక్కువ దూరం పోతుందా?

అలా ఏం లేదు. సిగ్నల్ ఎంత గట్టిగా పంపవచ్చో ప్రతి దేశంలోనూ చట్టం ఒక హద్దు పెట్టింది, యాంటెన్నాలు ఆరున్నా ఎనిమిదున్నా ఆ హద్దు దాటకూడదు. ఎక్కువ యాంటెన్నాల వల్ల ఒకేసారి ఎక్కువ ధారలుగా సమాచారం పంపొచ్చు, బలహీనంగా వచ్చే సిగ్నల్‌ని కొంచెం బాగా వినొచ్చు. అయితే ఫోన్లలో సాధారణంగా రెండు ధారలకే వీలుంటుంది.

కంపెనీ వాళ్లు రౌటర్ ఇచ్చారు కదా, ఇంకోటి ఎందుకు?

అవసరం లేకపోవచ్చు. ఉన్నదాన్ని మంచి చోటికి మార్చి, ఒక వారం వాడి చూశాకే కొనడం గురించి ఆలోచించండి. కొత్త రౌటర్ కొన్నవాళ్లలో చాలామందికి నిజంగా కావలసింది పాత రౌటర్‌ని ఐదడుగులు జరపడమే. కంపెనీ పెట్టెలో 5 గిగాహెర్ట్జ్ లేకపోయినా, లాన్ పోర్టులు (ఇంట్లో పరికరాలకి కేబుల్ పెట్టే చోట్లు) 100 ఎంబీపీఎస్‌వే అయినా అప్పుడు కొనడం సబబు.

## పెట్టేటప్పుడు

రౌటర్ ఎక్కడ పెడితే మంచిది? ఇప్పుడు టీవీ వెనకాల ఉంది.

ముందు టీవీ వెనకనుంచి తీసేయండి. టీవీ వెనకభాగంలో చాలావరకు లోహం ఉంటుంది, సిగ్నల్ అక్కడే సగం ఆగిపోతుంది. నెట్ వైర్ ఎక్కడ గోడలోంచి వస్తే అక్కడే రౌటర్ పెట్టేసి మర్చిపోవడం అందరూ చేసేదే. కానీ వైఫై బాగుండాలంటే డబ్బు ఖర్చు లేకుండా చేయగలిగిన అతి పెద్ద మార్పు ఇదొక్కటే.

ఇంటికి వీలైనంత నడిమధ్యలో, నేలమీద కాకుండా ఛాతీ ఎత్తు దాటి, నాలుగువైపులా ఖాళీ ఉండేలా పెట్టండి. మూల గదిలో కిటికీ పక్కన పెడితే సగం సిగ్నల్ వీధిలోకి పోతుంది. ఇనుప అల్మారా, ఫ్రిజ్, పెద్ద అద్దం దగ్గర వద్దు. అద్దం వెనక ఉండే లోహపు పూత సిగ్నల్‌ని తిప్పికొడుతుంది. నీళ్లు సిగ్నల్‌ని పీల్చేస్తాయి కాబట్టి రౌటర్‌కీ మీరు కూర్చునే చోటుకీ మధ్య చేపల తొట్టి ఉంటే ఆ వైపు నెట్ ఎప్పుడూ నీరసంగానే ఉంటుంది. ఇటుక గోడని సిగ్నల్ కొంత నష్టంతో దాటుతుంది. ఇనుప చువ్వలు పోసిన కాంక్రీటు గోడ, పై అంతస్తు స్లాబు మాత్రం గట్టి అడ్డంకులు.

వైరు పొట్టిగా ఉందని ఆగిపోకండి. ఓఎన్‌టీ గోడ దగ్గరే ఉండనిచ్చి, అక్కడినుంచి మామూలు క్యాట్ 5ఈ నెట్‌వర్క్ కేబుల్ లాగి రౌటర్‌ని మధ్యకి తెచ్చుకోవచ్చు. ఆ కేబుల్ 100 మీటర్ల వరకు వేగం తగ్గకుండా పనిచేస్తుంది.

యాంటెన్నాలు ఎటు తిప్పాలి? మా గదివైపు వంచితే బాగా వస్తుందా?

వంచితే తగ్గుతుంది. నిలబెట్టిన యాంటెన్నా నుంచి సిగ్నల్ దాని పక్కలకి, చుట్టూ పరుచుకుంటుంది. కొస మొనవైపు వెళ్లేది చాలా తక్కువ. కాబట్టి మొనని మీ గదివైపు గురిపెడితే, బలహీనమైన వైపుని మీవైపు తిప్పినట్టే. ఒకే అంతస్తులో ఉంటే అన్నీ నిటారుగా ఉంచండి. పై అంతస్తుకి కూడా కావాలంటే ఒకదాన్ని అడ్డంగా వాల్చి చూడండి.

సొంత రౌటర్‌ని కంపెనీ పెట్టెకి ఎలా కలపాలి?

రెండు దారులున్నాయి. మొదటిది, కంపెనీ పెట్టెని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించి, దాని లాన్ పోర్టు నుంచి మీ రౌటర్ వ్యాన్ పోర్టుకి కేబుల్ కలపడం. అప్పుడు రౌటర్ పనంతా మీదే చూసుకుంటుంది. కనెక్షన్ పీపీపీఓఈ రకం అయితే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మీ రౌటర్‌లో ఇవ్వాలి, వాటిని కంపెనీ దగ్గర ముందే అడిగి రాసిపెట్టుకోండి.

రెండోది సులువు. కంపెనీ పెట్టె అలాగే ఉంచి, మీ రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టడం. అప్పుడది వైఫై మాత్రమే ఇస్తుంది, అడ్రస్‌లు పంచే పని పాత పెట్టెదే. ఈ రెండూ చేయకుండా నేరుగా కలిపితే రెండు పెట్టెలూ రౌటర్లుగా పనిచేస్తాయి, దాన్ని డబుల్ నాట్ అంటారు. సినిమాలు, సైట్లు మామూలుగానే వస్తాయి. ఆన్‌లైన్ ఆటలు, బయటి నుంచి చూసే కెమెరాలు, ఒక రౌటర్‌కి కలిసిన ఫోన్‌తో ఇంకో రౌటర్‌కి కలిసిన ప్రింటర్ వాడడం లాంటి చోట్ల ఇబ్బంది పెడుతుంది. పాత పెట్టెలో వైఫై ఇక అక్కర్లేదనుకుంటే ఆపేయండి.

రౌటర్ సెట్టింగ్స్ పేజీ తెరుచుకోవట్లేదు.

అడ్రస్ 192.168.0.1 లేదా 192.168.1.1 అయి ఉంటుంది. కాకపోతే ఫోన్‌లో వైఫై సెట్టింగ్స్‌కి వెళ్లి, కలిసిన నెట్‌వర్క్ వివరాల్లో గేట్‌వే లేదా రౌటర్ అని ఉన్నచోట కనిపించే అంకెలు వాడండి. వాటిని గూగుల్ వెతుకుపెట్టెలో కాకుండా బ్రౌజర్ పైన అడ్రస్ పట్టీలో టైప్ చేయాలి. ఫోన్‌లో మొబైల్ డేటా, వీపీఎన్ రెండూ ఆపండి, చాలాసార్లు అడ్డం పడేది అవే. లాగిన్ వివరాలు సాధారణంగా రౌటర్ అడుగున అంటించిన స్టిక్కర్ మీద ఉంటాయి. దాన్ని ఇప్పుడే ఒక ఫోటో తీసి పెట్టుకోండి.

2.4, 5 రెండూ కనిపిస్తున్నాయి. ఒకే పేరు పెట్టాలా, వేర్వేరుగానా?

2.4 గిగాహెర్ట్జ్ దూరం పోతుంది, గోడలు బాగా దాటుతుంది, వేగం తక్కువ. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువ, గోడలకి త్వరగా నీరసిస్తుంది. రెండిటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెడితే ఫోనే సందర్భాన్ని బట్టి ఎంచుకుంటుంది. ఇంట్లో అందరికీ వివరించే బాధ ఉండదు కాబట్టి నేను ఇదే మేలంటాను. రౌటర్ పక్కనే ఉన్నా మీ ఫోన్ 2.4నే పట్టుకు వేలాడుతుంటే మాత్రం విడదీసి, టీవీనీ ల్యాప్‌టాప్‌నీ 5 పేరుకే కలపండి.

స్మార్ట్ ప్లగ్, కెమెరా ఎంతకీ కనెక్ట్ అవ్వట్లేదు. పాస్‌వర్డ్ కరెక్టే.

అలాంటి పరికరాల్లో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ రేడియో ఒక్కటే ఉంటుంది. సెటప్ చేసేటప్పుడు మీ ఫోన్ 5లో ఉంటే కొన్ని యాప్‌లు తికమకపడతాయి. ఆ కాసేపు రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఆపేసి, పరికరం కలిశాక మళ్లీ ఆన్ చేయండి. అప్పటికీ కాకపోతే రౌటర్ సెక్యూరిటీ ఒక్క డబ్ల్యూపీఏ3 (కొత్త రకం వైఫై తాళం) మీదే ఉందేమో చూడండి. పాత పరికరాలకి అది రాదు, డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిపి ఉన్న మోడ్ పెట్టాలి.

## తాళం వేసేటప్పుడు

సెక్యూరిటీలో ఇన్ని రకాలున్నాయి. ఏది పెట్టాలి?

అన్ని పరికరాలూ ఒప్పుకుంటే డబ్ల్యూపీఏ3. లేదంటే డబ్ల్యూపీఏ2తో ఏఈఎస్ (సమాచారాన్ని రహస్యంగా మార్చే పద్ధతి). ఈ రెండు తప్ప ఇంకేం వద్దు. డబ్ల్యూఈపీ అనే పాత రకం తాళాన్ని ఛేదించే మార్గం 2001లోనే బయటపడింది, ఇప్పుడది తాళం లేనట్టే లెక్క. ఏఈఎస్ బదులు టీకేఐపీ అని కనిపించినా ఎంచుకోకండి, పాతబడిపోవడమే కాక దానివల్ల వేగం కూడా 54 ఎంబీపీఎస్‌కి పడిపోతుంది.

పాస్‌వర్డ్ ఎలా ఉంటే ఎవరూ కనిపెట్టలేరు?

పొడవుగా ఉండాలి. ఫోన్ నంబర్ వద్దు, పది అంకెలని కంప్యూటర్ చాలా త్వరగా తిప్పేస్తుంది. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాయండి. టీవీ రిమోట్‌తో కొట్టడానికీ, ఇంటికొచ్చినవాళ్లకి చెప్పడానికీ అదే తేలిక. వైఫై పాస్‌వర్డ్ ఒకటి, రౌటర్ సెట్టింగ్స్ పేజీ పాస్‌వర్డ్ ఇంకొకటి. రెండోది ఫ్యాక్టరీలో పెట్టినది అలాగే వదిలేస్తే, మీ వైఫైలోకి వచ్చిన ఎవరైనా సెట్టింగ్స్ మార్చేయవచ్చు.

పక్కింటి వాళ్లు మా వైఫై వాడుతున్నారేమోనని అనుమానం. ఎలా తెలుస్తుంది?

రౌటర్ పేజీలో కనెక్టెడ్ డివైసెస్ లేదా క్లయింట్స్ జాబితా ఉంటుంది. తెలియని పేరు కనిపించగానే టెన్షన్ పడకండి. టీవీ, స్మార్ట్ బల్బు లాంటివి చిత్రమైన పేర్లతో ఉంటాయి. పైగా ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు తమ అసలు మ్యాక్ అడ్రస్ (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు సంఖ్య) దాచి, వేరేది చూపిస్తున్నాయి, మీ ఫోనే మీకు కొత్తదానిలా కనిపించొచ్చు. ఇంట్లో ఒక్కో పరికరం వైఫై ఆపుతూ జాబితాలో ఏది మాయమవుతోందో చూస్తే లెక్క తేలిపోతుంది. అయినా అనుమానం పోకపోతే పాస్‌వర్డ్ మార్చేయండి. ఒక్కొక్కరినీ మ్యాక్ అడ్రస్‌తో బ్లాక్ చేస్తూ కూర్చోవడం వృథా, దాన్ని మార్చుకోవడం తేలిక.

నెట్‌వర్క్ పేరు కనపడకుండా దాచేస్తే భద్రమేనా?

కాదు. గాల్లో వెళ్లే సిగ్నల్‌ని వినే మామూలు టూల్స్‌కి కూడా ఆ పేరు దొరికిపోతుంది. మీ ఫోన్ మాత్రం ఎక్కడికెళ్లినా "ఆ పేరు గల నెట్‌వర్క్ ఉందా?" అని పిలుస్తూ ఉంటుంది. కనిపించేలా ఉంచి, గట్టి పాస్‌వర్డ్ పెట్టడం మేలు.

డబ్ల్యూపీఎస్ బటన్ వాడొచ్చా?

ఆపేయండి. పాస్‌వర్డ్ కొట్టకుండా పరికరాల్ని కలిపే సదుపాయం డబ్ల్యూపీఎస్. 8 అంకెల పిన్‌ని అది రెండు ముక్కలుగా సరిచూస్తుందని, అందువల్ల గరిష్ఠంగా 11,000 ప్రయత్నాల్లో పిన్ దొరికిపోతుందని 2011లో బయటపడింది. పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా ఈ పక్కదారి తెరిచి ఉంటే లాభం లేదు.

వచ్చినవాళ్లు పాస్‌వర్డ్ అడిగితే ఇవ్వాలా?

గెస్ట్ నెట్‌వర్క్ ఆన్ చేసి దాని పాస్‌వర్డ్ ఇవ్వండి. వాళ్లకి నెట్ వస్తుంది, మీ కంప్యూటర్, ప్రింటర్ వాళ్లకి కనపడవు. అప్‌డేట్లు ఎప్పుడో ఆగిపోయిన కెమెరాలు, స్మార్ట్ ప్లగ్‌లని కూడా అందులోనే ఉంచడం మంచి అలవాటు.

## నెమ్మదిగా ఉన్నప్పుడు

100 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నాం, డౌన్‌లోడ్ 12 దాటట్లేదు. మోసం చేస్తున్నారా?

లేదు, మీకు పూర్తి వేగమే వస్తోంది. ప్లాన్‌ని బిట్లలో చెప్తారు, డౌన్‌లోడ్ కిటికీ బైట్లలో చూపిస్తుంది. 8 బిట్లు ఒక బైటు. 100ని 8తో భాగిస్తే సెకనుకి 12.5 మెగాబైట్లు.

స్పీడ్ సరిగ్గా ఎలా కొలవాలి? ఒక్కోసారి ఒక్కో అంకె వస్తోంది.

ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో నేరుగా రౌటర్‌కి కలిపి, దాని వైఫై ఆపేసి, ఇంట్లో మిగతావాళ్లని కాసేపు నెట్ వాడొద్దని చెప్పి టెస్ట్ చేయండి. అది మీ ఇంటర్నెట్ వేగం. తర్వాత కేబుల్ తీసి, రౌటర్ ఉన్న గదిలోనే వైఫైతో ఒకసారి, మీరు రోజూ కూర్చునే చోట ఇంకోసారి కొలవండి.

ఈ మూడు అంకెలు చేతిలో ఉంటే ఊహించాల్సిన పని లేదు. కేబుల్‌తోనే తక్కువ వస్తే తప్పు లైన్‌లో ఉంది, వైఫై ఎంత మార్చినా లాభం లేదు. కేబుల్‌తో బాగుండి, అదే గదిలో వైఫైతో పడిపోతే రౌటరో, ఛానెలో (రౌటర్ వాడుతున్న రేడియో దారి), మీ పరికరమో కారణం. అదే గదిలో బాగుండి, మీ గదిలో మాత్రమే పడిపోతే అది దూరం, గోడల సమస్య. రాత్రి తొమ్మిదికి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి కేబుల్‌తో కొలిచి చూడండి. రాత్రి మాత్రమే తగ్గుతుంటే కంపెనీ లైన్ మీద రద్దీ ఎక్కువైందని అర్థం.

కేబుల్ పెట్టినా 94 దగ్గర ఆగిపోతోంది. ప్లాన్ 300.

ఇది చూడగానే పట్టుకోగలిగే లోపం. 94, 95 దగ్గర గోడ కట్టినట్టు ఆగిందంటే ఎక్కడో లింకు 100 ఎంబీపీఎస్‌కి పడిపోయింది. నెట్‌వర్క్ కేబుల్‌లో 8 తీగలుంటాయి. గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి, 100కి నాలుగు చాలు. తలుపు సందులో నలిగో, క్లిప్పులో సరిగ్గా కూర్చోకో ఆ నాలుగూ కాక మిగిలిన వాటిలో ఒక తీగ పోతే కనెక్షన్ తెగదు, చప్పుడు చేయకుండా 100కి దిగిపోతుంది. ముందు కేబుల్ మార్చి చూడండి. మార్చినా అంతే ఉంటే రెండువైపులా పోర్టులు గిగాబిట్‌వేనా అని చూడాలి. కేబుల్ తొడుగు మీద క్యాట్ 5ఈ లేదా క్యాట్ 6 అని అచ్చు ఉండాలి.

సిగ్నల్ గీతలు ఫుల్‌గా ఉన్నాయి, అయినా నెట్ నెమ్మదిగా ఉంది. ఎందుకు?

గీతలు చెప్పేది మీకూ రౌటర్‌కీ మధ్య సిగ్నల్ బలం మాత్రమే. రౌటర్‌కి అసలు నెట్ వస్తోందో లేదో వాటికి తెలియదు. గాలిలో రద్దీ ఎంతుందో కూడా అవి చెప్పవు. ఒక ఛానెల్‌లో ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి, మిగతావాళ్లు ఆగాలి. మీ అపార్ట్‌మెంట్లో ఇరవై రౌటర్లు అదే ఛానెల్ మీద ఉంటే సిగ్నల్ బలంగానే ఉంటుంది, వంతు మాత్రం ఆలస్యంగా వస్తుంది.

గీతలకన్నా నమ్మదగింది డీబీఎం అంకె (సిగ్నల్ బలం కొలత), వైఫై అనలైజర్ రకం యాప్‌లలో కనిపిస్తుంది. మైనస్ 50 చాలా మంచిది. వీడియో కాల్స్‌కి మైనస్ 67 లేదా అంతకన్నా మెరుగ్గా ఉంటే ఇబ్బంది ఉండదు. మైనస్ 80 దగ్గర నెట్ ఉన్నా లేనట్టే. ఇది ఇంకో 3 తగ్గిందంటే (మైనస్ 50 నుంచి మైనస్ 53కి) సిగ్నల్ శక్తి సగమైందని లెక్క.

ఛానెల్ మార్చమంటారు. ఏది పెట్టాలి?

2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 ఈ మూడింట్లో ఒకటి. ఛానెళ్లు చాలా కనిపించినా ఒకదాని మీదికి ఒకటి రాకుండా ఉండేవి ఈ మూడే. "అందరూ 1, 6లో ఉన్నారు, నేను 3లో పెడతాను" అనుకుంటే రెండువైపుల గోలా మీకే తగులుతుంది. ఛానెల్ వెడల్పు 20 ఉంచండి. 40 పెడితే చుట్టుపక్కలవాళ్లతో ఇంకా ఎక్కువ కలబడుతుంది.

5 గిగాహెర్ట్జ్‌లో చోటు ఎక్కువ, వెడల్పు 80 పెట్టుకోవచ్చు. ఇక్కడ ఒక చిక్కుంది. 52 నుంచి 64, 100 నుంచి 144 వరకు ఉన్న ఛానెళ్లని చాలా దేశాల్లో రాడార్లతో పంచుకోవాలి. రాడార్ వినపడితే రౌటర్ వెంటనే ఆ ఛానెల్ వదిలేయాలని నియమం. ఇల్లు విమానాశ్రయానికో వాతావరణ రాడార్‌కో దగ్గరగా ఉండి, 5 గిగాహెర్ట్జ్ పేరు ఉన్నట్టుండి మాయమై నిమిషం తర్వాత తిరిగొస్తుంటే, 36 నుంచి 48 మధ్య పెట్టి చూడండి.

మైక్రోవేవ్ పెట్టినప్పుడల్లా నెట్ ఆగుతోంది. నిజంగా సంబంధం ఉందా?

ఉంది. మైక్రోవేవ్ పొయ్యి 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, దాన్నుంచి బయటికొచ్చే కొద్దిపాటి తరంగాలే 2.4 వైఫైని చెడగొట్టడానికి చాలు. బ్లూటూత్ కూడా ఆ పరిధిలోనే ఉంటుంది. అంతగా తెలియని ఇంకో కారణం యూఎస్‌బీ 3 పెన్‌డ్రైవ్‌లు, హార్డ్‌డిస్కులు. ల్యాప్‌టాప్‌కి అవి తగిలించినప్పుడు దాని 2.4 వైఫై బలహీనపడొచ్చు. వీటన్నిటికీ మందు ఒకటే, 5 గిగాహెర్ట్జ్‌కి మారడం.

ఒకరు వీడియో అప్‌లోడ్ చేస్తే ఇంకొకరి కాల్ ముక్కలవుతోంది.

అప్‌లోడ్ దారి నిండిపోయినప్పుడు రౌటర్ మిగతా సమాచారాన్ని లైన్లో నిలబెడుతుంది. ఆ లైను మరీ పొడవైతే మీ గొంతు అర సెకను, ఒక సెకను ఆలస్యంగా వెళ్తుంది. దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు. రౌటర్‌లో ఎస్‌క్యూఎం లేదా క్యూఓఎస్ (ఈ లైనుని సర్దే సదుపాయం) ఉంటే ఆన్ చేసి, అప్‌లోడ్, డౌన్‌లోడ్ హద్దుల్ని మీకు నిజంగా వచ్చే వేగంలో 90 శాతం దగ్గర పెట్టండి. వేగం కొంచెం తగ్గినా కాల్స్ తేటగా వస్తాయి. ఆ సదుపాయం లేకపోతే ఫోటోల బ్యాకప్‌ని రాత్రికి పెట్టుకోవడమే దారి.

చివరి గదిలో రావట్లేదు. రిపీటరా, మెష్షా?

వీలుంటే రెండూ కాదు, కేబుల్. చివరి గదికి ఒక నెట్‌వర్క్ కేబుల్ లాగి అక్కడ యాక్సెస్ పాయింట్ పెడితే దానికి మించింది లేదు. కేబుల్ కుదరకపోతే మెష్. అందులో పెట్టెలన్నీ ఒకే పేరుతో, ఒకదానికొకటి తెలిసి పనిచేస్తాయి.

చవకైన రిపీటర్ విన్నదాన్నే తిరిగి అదే రేడియోతో పంపుతుంది కాబట్టి వేగం దాదాపు సగమవుతుంది. తాత్కాలికంగా, ఒక్క గదికి అయితే పర్లేదు. రిపీటర్ అయినా మెష్ అయినా సిగ్నల్ రాని గదిలోనే పెట్టేస్తుంటారు. దానికే సిగ్నల్ అందకపోతే మీకేం ఇస్తుంది? రౌటర్‌కీ ఆ గదికీ మధ్యలో, సిగ్నల్ ఇంకా బాగున్న చోట పెట్టాలి.

పక్క గదిలో ఇంకో పెట్టె ఉన్నా ఫోన్ పాతదాన్నే పట్టుకుంటోంది.

ఏ పెట్టెకి కలవాలో చివరికి నిర్ణయించేది ఫోనే. పాత సిగ్నల్ బాగా పడిపోతే గానీ అది వదలదు. ఫోన్ వైఫైని ఒకసారి ఆపి ఆన్ చేస్తే దగ్గరి దానికి మారుతుంది. రోజూ ఇదే గొడవైతే పెట్టెల ట్రాన్స్‌మిట్ పవర్ మీడియంకి తగ్గించండి. తగ్గించడం వింతగా అనిపించినా, ఫోన్ సరైన సమయంలో మారడానికి అదే పనికొస్తుంది.

## ఆగిపోయినప్పుడు

"కనెక్టెడ్, నో ఇంటర్నెట్" అని వస్తోంది.

మీ ఫోన్ నుంచి రౌటర్ దాకా బాగానే ఉంది, అక్కడినుంచి బయటికే దారి లేదు. ఓఎన్‌టీ లేదా మోడెం లైట్లు చూడండి. అన్నీ మామూలుగా ఉంటే రెండు పెట్టెలూ ఆపి, ముందు ఓఎన్‌టీ ఆన్ చేసి రెండు నిమిషాలు ఆగి, తర్వాత రౌటర్ ఆన్ చేయండి. కొన్ని సైట్లు వచ్చి కొన్ని రాకపోతే డీఎన్‌ఎస్ (సైటు పేరుని అడ్రస్ అంకెలుగా మార్చే సేవ) తేడా కావచ్చు, రౌటర్‌లో 8.8.8.8 లేదా 1.1.1.1 పెట్టి చూడండి. పరికరానికి 169.254తో మొదలయ్యే అడ్రస్ వచ్చిందంటే రౌటర్ దానికి అడ్రస్ ఇవ్వలేదు, రౌటర్ రీస్టార్ట్ చేస్తే తరచుగా సర్దుకుంటుంది. బిల్లు గడువు దాటలేదని కూడా చూసుకోండి.

ఫైబర్ పెట్టె మీద ఎర్ర లైటు వెలుగుతోంది.

అది ఎల్ఓఎస్ (సిగ్నల్ పోయిందని చెప్పే) లైటు అయితే, వెలుగు మీ పెట్టె దాకా రావట్లేదు. రౌటర్ సెట్టింగ్స్ జోలికి అస్సలు పోవద్దు. పెట్టె వెనక దూరే సన్నటి తీగని చూడండి. ఊడ్చేటప్పుడు అల్మారా జరిపి ఉంటే తీగ దాని కాలికింద నలిగి ఉండొచ్చు, గోడ మూలలో మడత పడి ఉండొచ్చు. లోపలుండేది గాజు, గట్టిగా మడిస్తే వెలుగు అక్కడే బయటికి కారిపోతుంది. మడత మెల్లగా వదులు చేసి, పెద్ద గుండ్రంగా చుట్టి పెట్టండి. తీగ కొసని వేలితో తాకకండి, కంటికి ఎదురుగా పెట్టి చూడకండి. లైటు ఎర్రగానే ఉంటే కంపెనీ వాళ్లు రావాల్సిందే.

అందరికీ వస్తోంది, నా ఒక్క ఫోన్‌కే రావట్లేదు.

ఫోన్‌లో ఆ నెట్‌వర్క్‌ని ఫర్గెట్ చేసి మళ్లీ పాస్‌వర్డ్ ఇవ్వండి. వీపీఎన్, ప్రైవేట్ డీఎన్‌ఎస్ ఆపండి. తేదీ, టైము సరిగ్గా ఉన్నాయో చూడండి, అవి తప్పుగా ఉంటే సురక్షితమైన సైట్లేవీ తెరుచుకోవు.

రోజూ ఒకసారి రీస్టార్ట్ చేస్తేగానీ నడవట్లేదు.

అలా చేయాల్సి వస్తోందంటే లోపం ఉన్నట్టే, అలవాటు చేసుకోకండి. ముందు చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉండడం మామూలే, చేయి పెట్టలేనంత వేడెక్కితే గాలి ఆడట్లేదు. తర్వాత రౌటర్ పేజీలో ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉందేమో చూసి వేయండి, అది జరుగుతుండగా కరెంటు ఆపకూడదు. మూడోది అడాప్టర్. పాతబడిన అడాప్టర్ సరిపడా కరెంటు ఇవ్వలేక పని ఎక్కువైనప్పుడు రౌటర్‌ని పడుకోబెడుతుంది. లైట్లు వెలుగుతూనే ఉంటాయి కాబట్టి దానిమీదికి అనుమానం పోదు. మార్చేటప్పుడు వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉండొచ్చు, ప్లగ్ ధ్రువాలు కలవాలి.

రీసెట్ బటన్ నొక్కితే బాగవుతుందా?

రీస్టార్ట్ వేరు, రీసెట్ వేరు. ఆ చిన్న రంధ్రంలో సూదితో నొక్కితే వైఫై పేరు, పాస్‌వర్డ్, పీపీపీఓఈ వివరాలు అన్నీ చెరిగిపోతాయి. ఆ వివరాలు మీ దగ్గర లేకపోతే కాసేపటి సమస్య రెండు రోజుల సమస్యవుతుంది. అడ్మిన్ పాస్‌వర్డ్ మర్చిపోతేనో, సెట్టింగ్స్ పూర్తిగా పాడైతేనో తప్ప దాని జోలికి వెళ్లొద్దు. కంపెనీ ఇచ్చిన ఓఎన్‌టీ మీద అయితే వాళ్లు చెప్పకుండా అసలు నొక్కకండి.

కరెంటు పోతే నెట్ కూడా పోతోంది. ఏం చేయాలి?

రౌటర్ల కోసమే చిన్న డీసీ యూపీఎస్‌లు ఉంటాయి. అడాప్టర్ మీద రాసిన వోల్టులు (ఎక్కువగా 12, కొన్నిటికి 9) చూసి దానికి సరిపోయేది తీసుకోండి. ఓఎన్‌టీ విడిగా ఉంటే దానికీ బ్యాకప్ కావాలి, రౌటర్ ఒక్కటే వెలుగుతూ ఉంటే వైఫై ఉంటుంది, నెట్ ఉండదు.

కంప్లైంట్ ఇస్తే "రీస్టార్ట్ చేయండి" అని పెట్టేస్తున్నారు. ఏం చెప్తే పట్టించుకుంటారు?

"నెట్ స్లో" అనకండి. కేబుల్‌తో కొలిచిన వేగం, కొలిచిన టైము, ఆగినప్పుడు ఏ లైటు ఏ రంగులో ఉందో చెప్పండి. ఆగినప్పుడల్లా టైము ఒక కాగితం మీద రాసి, లైట్ల ఫోటో తీసి ఉంచండి. ఫైబర్ అయితే ఓఎన్‌టీ పేజీలో ఆర్ఎక్స్ పవర్ లేదా ఆప్టికల్ పవర్ అనే అంకె ఉంటుంది. మామూలు జీపాన్ (ఇళ్లకి ఇచ్చే ఫైబర్‌లో ఒక రకం) కనెక్షన్‌లో అది మైనస్ 8కీ మైనస్ 27కీ మధ్య ఉండాలి. మీది మైనస్ 28, 29 చూపిస్తుంటే ఆ అంకె చదివి వినిపించి, లైన్ చూడడానికి మనిషిని పంపమని అడగండి. కంప్లైంట్ నంబర్ తీసుకున్నాకే ఫోన్ పెట్టేయండి.